టెక్సస్ కౌంటీ అధికారులు: మనవాళ్ళలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

నేను టెక్సస్‌లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) క్లర్కు కార్యాలయంలో డిప్యూటీ క్లర్కుగా పనిచేస్తున్నాను. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతం కావడంతో మా కౌంటరు దగ్గరికి మనవాళ్ళు తరచుగా వస్తుంటారు. నా పేరు చూసి "మీరు తెలుగువాళ్ళేనా అండీ" అని పలకరించాక, చాలామంది అడిగే తర్వాతి ప్రశ్న, "ఇక్కడ కలెక్టరు లాంటి పెద్దాయన ఎవరు, ఆయన్ని కలిస్తే పని అవుతుందా" అని. అలాంటి పెద్దాయన ఇక్కడ ఎవరూ లేరు. కౌంటీ గురించి మనవాళ్ళలో ఉన్న అపోహల్లో చాలావరకు ఆ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పుట్టినవే కాబట్టి, రోజూ చెప్పే సంగతులను ఒకచోట రాస్తున్నాను. ఇవన్నీ టెక్సస్‌కు సంబంధించినవి. వేరే రాష్ట్రాల్లో కౌంటీల పద్ధతి వేరుగా ఉంటుంది.

అపోహ: కౌంటీ జడ్జి అంటే మన జిల్లా కలెక్టరు. ఆయన చెబితే మిగతా ఆఫీసులన్నీ వింటాయి.

వాస్తవం: కౌంటీ జడ్జికి మా క్లర్కు మీద గాని, షెరీఫ్ మీద గాని, పన్నుల అధికారి మీద గాని పెత్తనం లేదు. వీరిలో ప్రతి ఒక్కరినీ ఓటర్లు నాలుగేళ్ళకోసారి విడివిడిగా ఎన్నుకుంటారు, ఎవరి ఆఫీసు వారిదే. కౌంటీ జడ్జి, నాలుగు ప్రీసింక్టుల (కౌంటీని విడదీసిన భాగాల) నుంచి గెలిచిన నలుగురు కమిషనర్లు కలిసి కూర్చునే సభను కమిషనర్స్ కోర్టు అంటారు. పేరులో కోర్టు ఉన్నా అక్కడ జరిగేది తీర్పులు చెప్పడం కాదు, బడ్జెట్, పన్ను రేటు, రోడ్లు, కాంట్రాక్టులు నిర్ణయించడం. ఆ ఐదు ఓట్లలో కౌంటీ జడ్జిది ఒక్క ఓటే. ఆ సభ మా ఆఫీసుకు ఎన్ని ఉద్యోగాలో, ఎంత డబ్బో తేల్చగలదు గాని, ఫలానా దస్తావేజును ముందు రికార్డు చేయమనో, ఫలానా మనిషిని ఉద్యోగంలో పెట్టమనో చెప్పలేదు. ఇంకా విచిత్రమేమిటంటే, ఈ లెక్కలన్నీ తనిఖీ చేసే కౌంటీ ఆడిటరును కమిషనర్స్ కోర్టు నియమించదు. జిల్లా న్యాయమూర్తులు రెండేళ్ళ కాలానికి నియమిస్తారు. ఖర్చు పెట్టే చేయి, లెక్క చూసే కన్ను ఒకే మనిషివి కాకూడదని ఈ ఏర్పాటు.

దీనికి చరిత్రలో కారణం ఉంది. అంతర్యుద్ధం తర్వాత వచ్చిన పునర్నిర్మాణ ప్రభుత్వం అధికారాన్ని గవర్నరు చేతిలో కేంద్రీకరించిందన్న కోపంతో, 1876లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలో అధికారాన్ని వీలైనన్ని ముక్కలు చేసి పంచారు. ఆ రాజ్యాంగమే సవరణలతో నేటికీ నడుస్తోంది. రాష్ట్రంలో మొత్తం 254 కౌంటీలు ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో 47 లక్షలకు పైగా జనం ఉన్న హ్యారిస్ కౌంటీకీ, 64 మంది మాత్రమే ఉన్న లవింగ్ కౌంటీకీ ఈ చట్రం ఒక్కటే కావడం చూస్తే, రాసినవారు సౌకర్యం కన్నా అనుమానానికే ఎక్కువ విలువ ఇచ్చారని నాకు అనిపిస్తుంది.

అపోహ: జడ్జి అన్నారంటే లా చదివినవారే అయి ఉంటారు.

వాస్తవం: కౌంటీ జడ్జికి న్యాయశాస్త్ర పట్టా అక్కరలేదు. రాష్ట్ర చట్టాల గురించి బాగా తెలిసినవారై ఉండాలని మాత్రమే రాజ్యాంగం అంటుంది. చిన్న కౌంటీల్లో ఆయన వీలునామాల కేసులు, చిన్న నేరాల కేసులు కూడా వింటారు. పెద్ద కౌంటీల్లో ఆ పని ప్రత్యేక కోర్టులకు వెళ్ళిపోవడంతో జడ్జిగారి పని దాదాపుగా పరిపాలనే.

ఈ పదవి ఎలాంటిదో తెలియాలంటే టెక్సస్ దాటి మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీకి వెళ్ళాలి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ 1922లో అక్కడ కౌంటీ జడ్జిగా గెలిచారు, 1924లో ఓడిపోయారు, 1926లో ప్రిసైడింగ్ జడ్జిగా మళ్ళీ గెలిచి 1934 చివరి దాకా పనిచేశారు. అక్కడా ఆ పదవి పరిపాలనకు సంబంధించినదే. ఆయన కాన్సస్ సిటీలో సాయంత్రపు లా తరగతులకు కొంతకాలం వెళ్ళారే గాని పట్టా పుచ్చుకోలేదు. 1928లో రోడ్ల కోసం 65 లక్షల డాలర్ల బాండ్లకు ఓటర్లను ఒప్పించి, పనుల పర్యవేక్షణకు రెండు పార్టీల నుంచి చెరొక ఇంజినీరును పెట్టుకున్నారు. ఆయన్ని ఎన్నికల్లో నిలబెట్టిన, కాన్సస్ సిటీ రాజకీయాలను శాసించిన పెండర్‌గాస్ట్ ముఠాకు కాంట్రాక్టుల మీద ఎంత ఆశ ఉండేదో తెలిసినవారికి ఆ నియామకం విలువ అర్థమవుతుంది. 1935లో సెనేటుకు, 1945లో అధ్యక్ష పదవికి వెళ్ళిన మనిషి ప్రజాపాలనలో ఓనమాలు దిద్దింది కౌంటీ రోడ్ల మీదే.

అపోహ: కౌంటీ క్లర్కు అంటే గుమాస్తా.

వాస్తవం: క్లర్కు ఎన్నికైన అధికారి. ఇళ్ళ దస్తావేజులు, పెళ్ళి లైసెన్సులు, జనన మరణ పత్రాలు, వ్యాపారాల పేర్ల నమోదు, కమిషనర్స్ కోర్టు మినిట్స్, కౌంటీ కోర్టుల కాగితాలు అన్నీ ఆ ఆఫీసు బాధ్యతే. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా పొరబడే సంగతులు రెండు ఉన్నాయి.

మొదటిది పెళ్ళి. పెళ్ళి లైసెన్సు ఇచ్చిన క్షణం నుంచి 72 గంటలు గడిచేదాకా పెళ్ళి జరపకూడదని చట్టం చెబుతుంది. ఇది రోజుల లెక్క కాదు, గంటల లెక్క. ఆదివారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు గుడిలో ముహూర్తం పెట్టుకుని గురువారం మధ్యాహ్నం 3 గంటలకు లైసెన్సు కోసం వస్తే, ఆ గడువు ముహూర్తం దాటాక ఎప్పుడో ఆదివారం 3 గంటలకు తీరుతుంది. అప్పటికే హాలు, వంటవాళ్ళు, ఇండియా నుంచి దిగిన చుట్టాలు అన్నీ కుదిరిపోయి ఉంటాయి. కౌంటరు ఇవతల నిలబడి ఆ ముఖాలు చూడటం కష్టం గాని, గంటలు తగ్గించే అధికారం మాకు లేదు. సైన్యంలో పనిచేస్తున్నవారికీ, రాష్ట్రం గుర్తించిన వివాహపూర్వ శిక్షణ తరగతి పూర్తి చేసినవారికీ ఆ నిరీక్షణ ఉండదు. ఆ తరగతి చేసినవారికి ఫీజు కూడా 60 డాలర్లు తగ్గుతుంది. తగిన కారణం చూపితే న్యాయమూర్తి రాతపూర్వకంగా మినహాయించవచ్చు. లైసెన్సు 90 రోజులే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా తీసుకున్నా ఇబ్బందే. ఏ కౌంటీలో తీసుకున్నా టెక్సస్‌లో ఎక్కడైనా పెళ్ళి చేసుకోవచ్చు. పెళ్ళి జరిపించే అధికారం క్లర్కుకు లేదు. న్యాయమూర్తులు గాని, మత సంస్థ తరఫున అధికారం పొందిన పురోహితులు గాని జరిపించాలి. జరిపించినవారు ఆ కాగితం మీద వివరాలు నింపి, సంతకం చేసి 30 రోజుల్లోగా మాకు తిరిగి పంపాలి. పురోహితుడు గారి సంచీలోనే ఆ కాగితం ఉండిపోయి, నెలల తర్వాత వీసా పని మీద పెళ్ళి ధ్రువపత్రం కావలసినప్పుడు దంపతులు పరుగెత్తుకుని రావడం మాకు మామూలే.

రెండవది దస్తావేజు. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులాగే, ఇక్కడ రికార్డు చేసినంత మాత్రాన ఇల్లు మీదేనని క్లర్కు హామీ ఇచ్చినట్టు కాదు. నోటరీ ముందు సంతకం, కాగితం రూపం, ఫీజు సరిగ్గా ఉన్నాయా అని చూసి నమోదు చేయడమే మా పని. హక్కు నిజమా కాదా అన్నది తేల్చేది కోర్టు. అందుకే కొనేటప్పుడు టైటిల్ ఇన్సూరెన్సు (హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా) తీసుకుంటారు. మన స్టాంపు డ్యూటీ లాంటిది ఇక్కడ లేదు. ఆస్తి బదిలీ మీద అలాంటి పన్ను వేయకూడదని 2015లో రాజ్యాంగ సవరణే చేశారు. ఇల్లు కొన్న కొన్నాళ్ళకు, ప్రభుత్వ ముద్రను పోలిన ముద్రతో, "మీ దస్తావేజు ధ్రువీకృత నకలు కోసం ఇంత చెల్లించండి" అని భారీ మొత్తం అడుగుతూ ఒక ఉత్తరం వస్తుంది. అది మేము పంపేది కాదు. మా దగ్గర ధ్రువీకరణకు 5 డాలర్లు, పేజీకి 1 డాలరు, అంటే మూడు పేజీల దస్తావేజుకు 8 డాలర్లు. ఇంకో మాట: ఇండియాలో పొలం అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి, దాని మీద మా ముద్ర వేయమని వస్తుంటారు. అపోస్టిల్ (మన కాగితం విదేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) ఇచ్చేది మేము కాదు, ఆస్టిన్‌లోని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం.

అపోహ: ట్యాక్స్ అసెసర్ కలెక్టరే మా ఇంటి విలువ పెంచేస్తున్నాడు.

వాస్తవం: పదవి పేరే ఈ అపోహకు సగం కారణం కాబట్టి తప్పు మనవాళ్ళది మాత్రమే కాదు. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. 1979లో వచ్చిన చట్టంతో ఇది ఏర్పడింది. పన్ను రేటు పెట్టేది కమిషనర్స్ కోర్టు, నగర కౌన్సిల్, స్కూల్ బోర్డు, ఎవరి రేటు వారు. ట్యాక్స్ అసెసర్ కలెక్టరు ఆ రెండింటినీ గుణించి బిల్లు పంపి, డబ్బు వసూలు చేసి, ఎవరి వాటా వారికి పంచుతారు. బిల్లులో అన్నిటికన్నా పెద్ద వాటా సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్టుదే.

కాబట్టి విలువ ఎక్కువ వేశారనిపిస్తే పన్నుల ఆఫీసు వరుసలో నిలబడి లాభం లేదు. మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాత వస్తే ఆ తేదీలోగా అప్రైజల్ డిస్ట్రిక్టులో ప్రొటెస్ట్ వేయాలి. రేటు ఎక్కువనిపిస్తే ఆగస్టు, సెప్టెంబరులో జరిగే బహిరంగ విచారణలకు వెళ్ళాలి. 2019 చట్టం ప్రకారం, ఉన్న ఆస్తుల మీద నిర్వహణ పన్ను రాబడిని 3.5 శాతానికి మించి పెంచే రేటును కౌంటీ ఆమోదిస్తే దాన్ని ఓటర్ల ముందు పెట్టక తప్పదు. 75,000 జనాభా, ఆపైన ఉన్న కౌంటీల్లో అప్రైజల్ డిస్ట్రిక్టు బోర్డులో మూడు స్థానాలకు 2024 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి. ఏటా ప్రొటెస్ట్ వేసేవారిలో కూడా ఈ సంగతి చాలామందికి తెలియదు.

సొంత ఇంట్లో ఉంటున్నవారు హోమ్‌స్టెడ్ మినహాయింపు కోసం కూడా అప్రైజల్ డిస్ట్రిక్టుకే దరఖాస్తు చేసుకోవాలి. స్కూలు పన్ను లెక్కలో తీసివేసే ఈ మొత్తం 2023లో లక్ష డాలర్లయింది, 2025 నవంబరులో ఓటర్ల ఆమోదంతో లక్షా 40 వేలయింది. దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. డబ్బు తీసుకుని నింపిపెడతామనే ఉత్తరాలు చెత్తబుట్టలో వేయవచ్చు. మీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామానే ఉండాలన్నది మనవాళ్ళు మరిచిపోయే నియమం. బిల్లు మార్ట్‌గేజ్ కంపెనీ కడుతుందిలే అని ఊరుకోకూడదు. జనవరి 31 దాటితే ఫిబ్రవరి 1న 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ పడతాయి. ఎస్క్రోలో (పన్ను కోసం మార్ట్‌గేజ్ కంపెనీ మీ నుంచి తీసి పెట్టే ఖాతాలో) పొరపాటు జరిగినా చట్టం దృష్టిలో బాధ్యత ఇంటి యజమానిదే.

అపోహ: మా ఇంటి వెనుక కట్టే అపార్టుమెంట్లను కౌంటీ తలుచుకుంటే ఆపగలదు.

వాస్తవం: సాధారణంగా ఆపలేదు. శాసనసభ ప్రత్యేకంగా ఇచ్చిన అధికారాలు తప్ప కౌంటీలకు సొంతంగా నియమాలు చేసే శక్తి లేదు, నగర పరిమితుల బయట జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే) అధికారం చాలావరకు లేనే లేదు. నగరం లోపల అయితే అది నగర కౌన్సిల్ వ్యవహారం. ఫ్రిస్కో లాంటి ఊరు కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ పరుచుకుని ఉంది. ఒకే ఊరివాళ్ళయినా ఒకరి కౌంటీ కేంద్రం మెకిన్నీ, ఇంకొకరిది డెంటన్. ముందు మీరు ఏ కౌంటీలో ఉన్నారో చూసుకోండి.

అపోహ: ఈ పదవులకు పరీక్ష లేదు, చదువు లేదు. కాబట్టి ఎవరైనా వచ్చి కూర్చుంటారు, నచ్చకపోతే పైవాళ్ళు తీసేస్తారు.

వాస్తవం: పరీక్ష లేదన్న మాట నిజం. పౌరసత్వం, వయసు, నివాసం, ఓటరు నమోదు వంటి షరతులే ఉంటాయి. అయితే కౌంటీ క్లర్కు ఏటా 20 గంటల శిక్షణ పొందాలని చట్టం విధిస్తుంది. నేను చూసినంతలో, ఈ పదవికి వచ్చేవారిలో చాలామంది ఏళ్ళ తరబడి అదే ఆఫీసులో డిప్యూటీలుగా పనిచేసి, పై అధికారి విరమించుకున్నప్పుడు పోటీకి నిలబడినవారే. ఇక పైవాళ్ళు తీసేయడం అన్నది ఇక్కడ లేదు. రాత్రికి రాత్రి బదిలీ చేయడానికి ఇక్కడ పైవాడంటూ ఉండడు. గవర్నరు కూడా సస్పెండు చేయలేరు. ఓటర్లే మధ్యలో వెనక్కి పిలిచే రీకాల్ పద్ధతి కూడా టెక్సస్ కౌంటీ పదవులకు లేదు. అసమర్థత, అధికార దుర్వినియోగం వంటి ఆరోపణలతో జిల్లా కోర్టులో పిటిషను వేసి, జ్యూరీ ముందు నిరూపించి తొలగించాలి. ఎన్నికైన అధికారి కొనసాగినా, మా లాంటి డిప్యూటీలకు ఆ భద్రత లేదు. కొత్త క్లర్కు గెలిచి వస్తే మమ్మల్ని ఉంచుకోవడమా, మానడమా అన్నది వారి ఇష్టం.

ఈ పదవులకు పార్టీ గుర్తుల మీదే పోటీ జరుగుతుంది. చాలా కౌంటీల్లో ఒక పార్టీదే పైచేయి కావడంతో, నవంబరు ఎన్నిక లాంఛనమై, అసలు నిర్ణయం మార్చి ప్రైమరీలోనో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక), మే రన్‌ఆఫ్‌లోనో (ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో విడత) జరిగిపోతుంది. పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు అధ్యక్ష ఎన్నికలకు చూపించే ఉత్సాహంలో పదోవంతు మార్చిలో చూపించినా కమిషనర్ల లెక్కలు మారతాయని నా నమ్మకం.

అపోహ: ఇంటి పన్ను కడుతున్నాం, గ్రీన్ కార్డు ఉంది, కాబట్టి స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు.

వాస్తవం: వేయకూడదు. పౌరులు కానివారు టెక్సస్‌లో ఓటరుగా నమోదు కావడం నేరం. దాని ఫలితం ఇమిగ్రేషన్ దాకా వెళ్తుంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే చోట ఓటరు నమోదు గురించి అడిగితే, చదవకుండా అవునని టిక్ పెట్టకండి. జ్యూరీ సమను మాత్రం లైసెన్సుల జాబితా నుంచి కూడా తీస్తారు కాబట్టి హెచ్1బీ వారికీ కొన్నిసార్లు రావచ్చు. వచ్చిందని భయపడనూ వద్దు, పారేయనూ వద్దు. పౌరుణ్ని కాదన్న గడిలో గుర్తు పెట్టి తిరిగి పంపితే చాలు.

కమిషనర్స్ కోర్టులో మాట్లాడటానికి మాత్రం ఓటరు కావలసిన అవసరం లేదు. ఎజెండాను ముందుగానే బహిరంగంగా పెట్టాలి. ఎజెండాలోని అంశం మీద మాట్లాడాలనుకున్నవారికి అవకాశం ఇవ్వాలని 2019 చట్టం చెబుతుంది. సమావేశానికి ముందు ఒక చిన్న ఫారం నింపి ఇవ్వాలి. అందులో మీ పేరుతో పాటు ఎజెండా అంశం సంఖ్య తప్పకుండా రాయండి. ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే కాబట్టి ఏ రోడ్డు, ఏ ప్రీసింక్టు, ఏం కావాలి అన్నది మొదటి వాక్యంలోనే చెప్పేయడం మంచిది.