పాత బ్రెడ్‌తో ఇటాలియన్ కరకర పొడి: అపోహలు - వాస్తవాలు

ఇటాలియన్ వంట చేసే నాకు కిచెన్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది ‘పాన్‌గ్రత్తాతో’ అనే పొడి, అంటే వేయించిన బ్రెడ్ పొడి. పాస్తా మీద, కాల్చిన వంకాయ మీద, చేప మీద చల్లుకుంటారు. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసేస్తుంటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది చీజ్ కొనలేనివాళ్ల సర్దుబాటు.
దక్షిణ ఇటలీలో పేద ఇళ్లు చీజ్ బదులు దీన్ని వాడుకున్న మాట నిజమే. కానీ సిసిలీలో సార్డీన్ చేపల పాస్తా మీద సంప్రదాయంగా పడేది ఈ పొడే, చీజ్ కాదు. మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండుగకూ అదే పాస్తా వండుతారు. ఆయన వడ్రంగి కదా, ఈ పొడిని రంపపు పొట్టుకు గుర్తుగా చెప్పుకుంటారు.

అపోహ: పాత బ్రెడ్ అంటే పాడైన బ్రెడ్.
గట్టిపడటం వేరు, బూజు పట్టడం వేరు. బూజు మచ్చ కనబడితే ఆ ముక్క తుంచేసి మిగతాది వాడొద్దు. దాని పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి, మొత్తం పారేయాల్సిందే.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే బ్రెడ్ బాగా ఎండుతుంది.
గట్టిపడుతుంది, అంతే. ఆ చలికి బ్రెడ్‌లోని స్టార్చ్ త్వరగా బిగుసుకుంటుంది, తడి మాత్రం లోపలే ఉండిపోతుంది. ముక్కలు చేసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రంగు మారకుండా ఆరబెట్టండి. తీపి లేని బ్రెడ్ అయితేనే మంచిది. పాలు, చక్కెర వేసిన బ్రెడ్ కరకరలాడేలోపే మాడుతుంది.

అపోహ: అన్నీ కలిపి ఒకేసారి వేయించేస్తే చాలు.
ఎక్కువమందికి చెడేది ఇక్కడే. 100 గ్రాముల పొడి తీసుకోండి. మెత్తగా కాదు, ఉప్మా రవ్వ కన్నా కాస్త బరకగా ఉండాలి. మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనెలో, సన్న సెగ మీద, చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి, రంగు రాగానే తీసేయండి. ఉప్పులో ఊరిన ఆంచోవీలు రెండు మూడు వేస్తే నూనెలో కరిగిపోతాయి. ఇవి మన నెత్తళ్ల కుటుంబం చేపలే. శాకాహారులు మానేయొచ్చు. తర్వాత చిల్లీ ఫ్లేక్స్, పొడి వేసి చెయ్యి ఆపకుండా కలపాలి. కొన్ని నిమిషాలు ఏమీ మారనట్టే ఉంటుంది, తర్వాత రంగు ఒక్కసారిగా వచ్చేస్తుంది. అప్పుడే వెడల్పు పళ్లెంలోకి తీసేయాలి, లేదంటే పెనం వేడికే మాడుతుంది. ఎండు ఒరెగానో దించే ముందు వేయాలి. పార్స్లీ, నిమ్మతొక్క తురుము మాత్రం పొడి చల్లారాక, వడ్డించబోయే ముందే. వాటి తడి తగిలితే కరకర పోతుంది. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, బ్రెడ్‌లోనూ ఆంచోవీలోనూ ముందే ఉంటుంది.

అపోహ: ఒకసారి చేస్తే నెలంతా బయట నిలవ ఉంటుంది.
నూనె వేయని ఎండు పొడి గాలి చొరని డబ్బాలో కొన్ని వారాలుంటుంది. వేయించినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. మెత్తబడితే నూనె వేయని పెనం మీద ఒక నిమిషం తిప్పి, పాస్తా పళ్లెంలో పెట్టాక చల్లండి.