ఐదు గోళ్ల డ్రాగన్: రాజముద్ర బజారుకెక్కిన కథ

2014 ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్‌లో జరిగిన వేలంలో, అరచేతిలో ఇమిడే ఒక పింగాణీ గిన్నె 28 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా పలికింది. పుంజు, పెట్ట, పిల్లల బొమ్మలున్న ఆ గిన్నె చైనాను ఏలిన మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్‌హువా కాలం (1465–87) నాటిది. అటువంటివి నేడు ఇరవై లోపే మిగిలాయి. ఈ కొరతకు శతాబ్దాల కాలం ఎంత కారణమో, ఆస్థానం పెట్టిన కట్టుబాట్లూ అంతే కారణం.

జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్‌లో, మింగ్‌లకు ముందున్న యువాన్ వంశ పాలకులు 1278లోనే పింగాణీ పర్యవేక్షణ కార్యాలయాన్ని నెలకొల్పారు. తరువాత మింగ్ రాజులు అక్కడి జుషాన్ గుట్ట వద్ద రాజబట్టీలను నడిపారు. నమూనాలు రాజధాని నుంచి వచ్చేవి. కాలినప్పుడు వంకరపోయినవీ, రంగు చెదిరినవీ ఇతరుల చేతికి చిక్కకుండా అక్కడే పగలగొట్టి పూడ్చిపెట్టేవారు. 1980ల నుంచి జరిగిన తవ్వకాల్లో ఆ పెంకులు గుట్టలుగా బయటపడ్డాయి.

ఇంత కాపలా మట్టికి కాదు, దాని మీది గుర్తులకు. రెండు కొమ్ములు, ఐదు గోళ్లు ఉన్న డ్రాగన్ చక్రవర్తి చిహ్నం; అది సామాన్యుల వస్త్రాలపై ఉండరాదని యువాన్ కాలం నుంచే నిషేధం ఉంది. తావోమతంపై మోజున్న జియాజింగ్ చక్రవర్తి (1522–66) కాలంలో కొంగలు, ఎనిమిది మంది అమర సిద్ధపురుషులు, దీర్ఘాయువును కోరే అక్షరాలు పాత్రల నిండా చేరాయి. మింగ్‌ల తరువాత వచ్చిన చింగ్ వంశ కాలానికి పీచ్ పండ్ల పక్కన గబ్బిలాలు వాలాయి. మన వైపు అపశకునంగా చూసే ఈ జీవి పేరు చైనీయుల నోట సౌభాగ్యమనే మాటలాగే పలుకుతుంది కనుక, వారికి అది శుభసూచకం.

చింగ్ అంతఃపురంలో రంగు కూడా హోదాను చెప్పేది. లోపలా బయటా పసుపుపచ్చగా ఉండే పాత్రలు రాజమాతకూ పట్టమహిషికీ చెల్లేవి. వెలుపల పసుపు, లోపల తెలుపు ఉన్నవి ఆ తరువాతి రాణికి దక్కేవి. ఇంకా కింది రాణులకు పసుపుపై ఆకుపచ్చ డ్రాగన్లు, నీలంపై పసుపు డ్రాగన్లు అంటూ వరస సాగేది. భోజనానికి కూర్చున్న స్త్రీ స్థానమేమిటో ఆమె ముందున్న గిన్నెను బట్టే తెలిసిపోయేది.

ఈ గుర్తుల భారమంతా మోసింది కుమ్మరులే. మింగ్ చక్రవర్తి వాన్‌లీ కాలంలో డ్రాగన్ బొమ్మల పెద్ద గోలేలు ఎన్నిసార్లు కాల్చినా పగిలిపోతుండగా, అధికారుల వేధింపు భరించలేక తోంగ్ బిన్ అనే పనివాడు బట్టీలోకి దూకాడని జింగ్‌డెజెన్ వారు చెప్పుకుంటారు. అతడే వారికి అగ్నిదేవుడయ్యాడు. 18వ శతాబ్దిలో రాజబట్టీలను పర్యవేక్షించిన తాంగ్ యింగ్ స్వయంగా అతని చరిత్ర రాశాడు.

తాంగ్ యింగ్ హయాంలోనే కట్టుబాటు సడలింది. అప్పటికి లోపమున్న పాత్రలను పగలగొట్టకుండా రాజధాని బీజింగ్‌కే పంపుతున్నారు; వాటిని అంత దూరం మోసుకురాకుండా అక్కడికక్కడే అమ్మేయమని 1742లో చింగ్ చక్రవర్తి చియాన్‌లోంగ్ ఆదేశించాడు. రాజచిహ్నాలు సామాన్యుల పాలవుతాయని తాంగ్ యింగ్ అభ్యంతరం చెప్పాడు. చక్రవర్తి పసుపు పాత్రల వరకే ఆ మాట మన్నించాడు. ఐదు గోళ్ల డ్రాగన్లు బయట ఎటూ దొరుకుతూనే ఉన్నాయి కనుక వాటిని అమ్మవచ్చన్నాడు.