పాత జీపుల్లో మీటర్ కేబుల్: అపోహలు - వాస్తవాలు

పాత మహీంద్రా జీపులో గానీ జిప్సీలో గానీ మీటర్ (వేగం, కిలోమీటర్లు చూపే స్పీడోమీటర్) ఆగిపోతే అందరూ ముందు అనే మాట, "కేబుల్ పోయింది, కొత్తది వేసెయ్యండి." కొత్తది వేస్తారు. కొన్నాళ్లకు అదీ తెగుతుంది. కేబుల్ కింది చివర ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టెలో) ఉంటుంది, పై చివర మీటర్‌లో ఉంటుంది. ఆ రెండు చోట్లా ఏం జరుగుతోందో చూడకుండా కేబుల్ మార్చడం వల్ల డబ్బులు పోవడమే తప్ప రోగం కుదరదు.

అపోహ: ముల్లు లేవలేదంటే కేబుల్ తెగినట్టే.

ముందు కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయో లేదో చూడండి. కేబుల్ మీటర్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని పక్కనే, దానికి తగలకుండా, అల్యూమినియం కప్పు ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ కప్పు కూడా దానితో పాటు తిరగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ముల్లు ఆ కప్పుకే ఉంటుంది. అంకెల గేర్లు కూడా ఆ అయస్కాంతం ఉన్న ఇరుసు మీద నుంచే తిరుగుతాయి. కాబట్టి అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే పడుకుంటే కేబుల్ బాగున్నట్టే, తప్పు మీటర్‌లో ఉంది. ముల్లు బాగానే లేస్తూ అంకెలు ఆగిపోయినా అంతే, లోపలి చిన్న గేర్లు అరిగి ఉంటాయి.

రెండూ ఆగిపోతే మీటర్ వెనక నట్టు విప్పి కేబుల్ బయటికి లాగండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు మెల్లగా తోస్తుంటే ఇన్నర్ (కేబుల్ లోపల తిరిగే తీగ) కొనను గమనించండి. ఈ తరం మీటర్లకు కిలోమీటరుకు సుమారు 600 పైచిలుకు చుట్లు కావాలి. జపాన్ ప్రమాణం ప్రకారం అది 637. అంటే పది మీటర్లు తోస్తే ఆరు చుట్లు కనిపించాలి. కనిపిస్తే మీటర్‌ని అనుమానించండి, లేదా ఇన్నర్ పై కొన నలుపలకలు అరిగి గుండ్రమయ్యాయేమో చూడండి. తిరగకపోతే ఇన్నర్‌ను పైకి లాగండి. సగమే వస్తే తెగింది. కింద మిగిలిన ముక్కను రెండో చివర నుంచి తప్పకుండా తియ్యాలి, లేకపోతే కొత్తది సరిగ్గా కూర్చోదు. మొత్తం వస్తే కింది పినియన్ (కేబుల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం) పళ్లు చూడండి. కొన్ని రకాల్లో ఇన్నర్ విడిగా రాదు, అప్పుడు కింది నట్టు విప్పి ఒక చివర వేళ్లతో తిప్పుతూ రెండో చివర చూస్తే సరిపోతుంది.

అపోహ: కొత్త కేబుల్ త్వరగా తెగిందంటే అది డూప్లికేటే.

నాసిరకం కేబుళ్లు ఉన్న మాట నిజం. కానీ కొత్తది తెచ్చే ముందు ఒక పని చేయండి. పాత ఇన్నర్ కొన నుంచి చిన్న ముక్క కోసి, మీటర్ వెనక దూర్చి వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. పట్టేస్తున్నట్టు ఉంటే లోపలి బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) ఎండిపోయింది. అలాంటి మీటర్‌కు ఎంత మంచి కేబుల్ వేసినా మెలిపడి తెగుతుంది. చలికాలం పొద్దున్నే డాష్‌బోర్డు వెనక కీచుమని వినిపించే శబ్దం చాలావరకు దీని హెచ్చరికే.

రెండో కారణం వంపు. ఎక్కడా 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచకూడదు, మీటర్ వెనక మొదటి కొంత దూరం తిన్నగా రావాలి. బండి ఎత్తు పెంచిన వాళ్లు, ఇంజిన్ మార్చిన వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోరు. జీపులో ఇంజిన్ మౌంటింగులు అరిగితే ఇంజిను, దానితో ట్రాన్స్‌ఫర్ కేసూ ఊగుతాయి. కేబుల్‌కు కాస్త వదులు లేకపోతే ప్రతి గుంతలోనూ లాగుడే. సైలెన్సర్ పైపుకు దగ్గరగా పోనిస్తే ఔటర్ (కేబుల్ పై తొడుగు) కాలిపోతుంది.

అపోహ: ముల్లు ఊగుతోందా, కేబుల్‌లో పైనుంచి ఇంజిన్ ఆయిల్ పోసెయ్యండి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే బాగున్న మీటర్లు కూడా దీనితో పోతాయి. ముల్లు ఊగడానికి సాధారణంగా ఇన్నర్ ఎండిపోవడమో, ఎక్కడో నలిగి వంగడమో కారణం. ఇన్నర్‌ను పూర్తిగా తీసి పెట్రోలుతో కడిగి, రెండు చివరలు పట్టుకుని మధ్యభాగం వేలాడేలా చేసి ఒక చివర మెల్లగా తిప్పండి. రెండో చివర కూడా అంతే నిదానంగా తిరగాలి. ఆగి ఆగి ఎగిరినట్టు తిరిగితే అది వంగింది, మార్చాల్సిందే, ఏ గ్రీజూ దాన్ని బాగుచేయదు.

బాగుంటే పలచని గ్రీజు లేదా గ్రాఫైట్ గ్రీజు సన్నటి పొరగా రాయండి. మీటర్ వైపు చివరి 15 సెంటీమీటర్లు మాత్రం పొడిగా వదిలేయండి. ఇన్నర్ అంటే చుట్టలు చుట్టిన తీగ. అది తిరుగుతూ అదనపు గ్రీజును మరలాగా పైకి ఎక్కిస్తుంది. గ్రీజు మీటర్‌లోకి చేరి కప్పుకీ అయస్కాంతానికీ మధ్య పడితే ముల్లు ఎక్కడికో పోయి అక్కడే నిలిచిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే గ్రీజుకు బదులు కాదు, కొన్నాళ్లకే ఆరిపోతుంది.

ఔటర్‌లో గేర్ ఆయిల్ కనిపిస్తే "తనంతట తానే తడుపుకుంటోంది" అని సంతోషించకండి. పినియన్ దగ్గరి ఆయిల్ సీల్ పోయింది. ఆ సీల్ మార్చకుండా కేబుల్ మార్చితే కొత్త దాంట్లోకీ ఆయిల్ ఎక్కుతుంది, ఈలోగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లెవెల్ తగ్గుతుంది.

అపోహ: ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేస్తే మీటర్ తప్పు చూపిస్తుంది.

చూపించదు. ఈ బండ్లలో మీటర్ డ్రైవ్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు వెళ్లే ఇరుసు మీద ఉంటుంది. లో అయినా హై అయినా చక్రాలు తిరిగినదే అది లెక్కేస్తుంది.

అపోహ: పెద్ద టైర్లు వేసినా మీటర్‌కు తేడా ఉండదు.

జిప్సీకి 205/70 ఆర్15 టైరు ఉన్న చోట 235/75 ఆర్15 వేశారనుకోండి. టైరు ఎత్తు లెక్క ప్రకారం 668 మిల్లీమీటర్ల నుంచి సుమారు 733కు పెరుగుతుంది, దాదాపు పది శాతం. మీటర్ మునుపు నిజం చూపి ఉంటే, ఇప్పుడు 60 చూపేటప్పుడు బండి దాదాపు 66లో ఉంటుంది. కిలోమీటర్లు కూడా తక్కువ పడతాయి కాబట్టి మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇంజిన్ విప్పించే ముందు ఈ లెక్క వేసుకోండి. దీనికి మందు పళ్ల సంఖ్య తగినట్టున్న పినియన్, కేబుల్ కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో మరెక్కడో పాత ట్రాన్స్‌ఫర్ కేస్ కొని వేసుకున్నా మీ పాత పినియన్ పళ్లూ దాని పళ్లూ లెక్కపెట్టి చూడండి.

అపోహ: అడవి దారుల్లో తిరిగే బండికి మీటర్ ఎందుకు?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వ నిబంధన స్పీడోమీటర్ ఉండాలంటోంది. చట్టం సంగతి అటుంచినా, పాడేరు, అరకు ఘాట్లలో దిగేటప్పుడు వేగాన్ని చెవితో అంచనా వేయడం ప్రమాదం. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పేదీ ఆ అంకెలే.

వాగులు దాటే బండి అయితే కింది నట్టు దగ్గర బురదా నీళ్లూ చేరతాయి. వర్షాకాలం అయ్యాక ఒకసారి ఇన్నర్ తీసి, తుడిచి, గ్రీజు పెట్టండి. ఔటర్ చిరిగిందేమో చేత్తో తడిమి చూడండి. తిరిగి బిగించేటప్పుడు నలుపలక కొన సరిగ్గా కూర్చుందని తెలిసేదాకా పానా వాడకండి, నట్టు చేత్తోనే తిప్పండి.