రబ్బరుకూ సిలికాకూ పొత్తు కుదిరిందిలా

2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్లు, తేలికపాటి వాణిజ్య వాహనాలు, లారీలు, బస్సుల టైర్లకు ఏఐఎస్-142 అనే వాహన పరిశ్రమ ప్రమాణాన్ని వర్తింపజేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో చూసేవి మూడు: టైరు దొర్లేటప్పుడు ఎంత శక్తి వృథా అవుతోంది (రోలింగ్ రెసిస్టెన్స్), తడి రోడ్డు మీద ఎంత పట్టు ఉంది, శబ్దం ఎంత. మొదటి రెండింటికీ ఎప్పుడూ పడదు. బ్రేకు వేసినప్పుడు పట్టు దొరకాలంటే ట్రెడ్ (రోడ్డుకు తగిలే పై పొర) రబ్బరు శక్తిని మింగాలి, డీజిల్ మిగలాలంటే మింగకూడదు. ఈ పీటముడి చాలావరకు విడిందంటే కారణం రబ్బరుకూ, అందులో కలిపే పొడికీ మధ్య రసాయనికంగా వేసిన ముడే.

తొలినాటి టైర్లు తెల్లగా ఉండేవి, జింక్ ఆక్సైడ్ కలిపేవారు కాబట్టి. 1904లో లండన్ శివారు సిల్వర్‌టౌన్‌లో ఎస్.సి. మోట్ కార్బన్ బ్లాక్ (మసిలాంటి నల్లపొడి) కలిపి చూశాక రబ్బరు ఎంత గట్టిపడుతుందో తెలిసింది. కార్బన్ బ్లాక్‌కు ప్రత్యేకంగా జిగురు అక్కర్లేదు. దాని ఉపరితలానికీ రబ్బరుకూ సహజంగానే పొసుగుతుంది, మిక్సర్‌లో నలిగేటప్పుడే రబ్బరు అణువుల పొడవాటి గొలుసులు దాని కణాలకు అతుక్కుంటాయి. అందుకే చాలా దశాబ్దాలు ఈ బంధం గురించి టైరు పరిశ్రమ పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు.

అయితే ఫిల్లర్ (రబ్బరులో కలిపే పొడి) కణాలు ఒకదాన్నొకటి కూడా పట్టుకుంటాయి. టైరు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఆ గుంపులు విడిపోయి మళ్లీ కూడతాయి, అందులో శక్తి వేడిగా పోతుంది. సాగదీత పెరిగేకొద్దీ కాంపౌండ్ (అన్నీ కలిపిన రబ్బరు మిశ్రమం) బిగువు పడిపోవడాన్ని 1960లలో ఎ.ఆర్. పేన్ వివరంగా కొలిచాడు. దాన్ని పేన్ ఎఫెక్ట్ అంటారు. ఫిల్లర్ సరిగ్గా విడిపోయిందా లేదా అని తేల్చడానికి ఇప్పటికీ ల్యాబ్‌లో చూసేది దాన్నే.

కార్బన్ బ్లాక్‌కు బదులు వాడే తెల్లపొడి సిలికా సంగతి వేరు. దాని ఒళ్లంతా సిలనాల్ గుంపులే (సిలికాన్‌కు అతికిన ఓహెచ్‌లు), అవి నీటిని ప్రేమిస్తాయి. రబ్బరేమో నూనె జాతి. ఊరికే కలిపితే సిలికా ముద్దలు కడుతుంది, మూనీ (పచ్చి రబ్బరు చిక్కదనపు కొలత) విపరీతంగా పెరుగుతుంది, వేగం పెంచే రసాయనాలైన యాక్సిలరేటర్లను సిలికా తన మీదికే లాగేసుకోవడంతో క్యూరింగ్ (గంధకంతో వేడిచేసి రబ్బరును బిగించడం) మందగిస్తుంది, ట్రెడ్ త్వరగా అరుగుతుంది. 1970లలో జర్మన్ కంపెనీ డెగుస్సా తెచ్చిన ఎస్ఐ-69 అనే సిలేన్ (సిలికాన్ ఉన్న జోడింపు రసాయనం) దీనికి దారి చూపింది. దాని రెండు కొసల్లోనూ మూడేసి ఇథాక్సీ గుంపులు, నడుమ గంధకపు గొలుసు. ఇథాక్సీ వైపు సిలికాను పట్టి ఇథనాల్ వదులుతుంది, గంధకం క్యూరింగ్‌లో రబ్బరును పట్టుకుంటుంది. 1991లో ఫ్రెంచ్ టైర్ల కంపెనీ మిషెలాన్‌కు చెందిన రోలాన్ రోలీన్ పేరిట దాఖలైన పేటెంట్ ఈ సిలేన్‌నూ, బాగా విడిపోయే సిలికానూ, సొల్యూషన్ ఎస్‌బీఆర్‌నూ (ద్రావకంలో తయారుచేసే స్టైరీన్-బ్యూటాడయీన్ రబ్బరు) ఒకచోట చేర్చింది. ‘గ్రీన్ టైరు’ అన్నది దీన్నే. రోలింగ్ రెసిస్టెన్స్ సుమారు 20 శాతం తగ్గింది, తడి పట్టు పోలేదు.

కాగితం మీద ఆ ఫార్ములా తేలికే. వంద పాళ్ల రబ్బరుకు (75 పాళ్లు ఎస్‌బీఆర్, 25 పాళ్లు బీఆర్ అనే బ్యూటాడయీన్ రబ్బరు) 80 పాళ్ల సిలికా, 6.4 పాళ్ల సిలేన్, క్యూరింగ్‌కూ సిలేన్ చర్యకూ తోడ్పడే డీపీజీ 2 పాళ్లు. గ్రాముకు 160 చదరపు మీటర్ల ఉపరితలమున్న సిలికాకు ఆ సిలేన్ సరిపోతుంది. ఉపరితలం పెరిగితే సిలేన్ కూడా ఆ మేరకు పెంచాలి. కష్టమంతా మిక్సర్‌లోనే. కాంపౌండ్‌ను 145-155 డిగ్రీల మధ్య రెండు మూడు నిమిషాలైనా నిలపాలి. 135 దాటకపోతే చర్య సగంలో ఆగుతుంది, ఆ సంగతి క్యూరింగ్ దాకా బయటపడదు. 160 దాటితే సిలేన్‌లోని గంధకం విడిపోయి మిక్సర్‌లోనే స్కార్చ్ (వేళకు ముందే క్యూరింగ్) మొదలవుతుంది. అందుకే రోటర్ వేగం తగ్గిస్తూ పెంచుతూ వేడిని పట్టి ఉంచుతారు. జింక్ ఆక్సైడ్‌ను మొదటి దశలో వేయకపోవడం మంచిది, సిలికా ఉపరితలం కోసం అది సిలేన్‌తో పోటీ పడుతుంది. సిలికాలో 5-7 శాతం తేమ ఉండాలి. మరీ ఎండితే చర్య నెమ్మదిస్తుంది, మరీ తడిస్తే కాంపౌండ్ రోటర్ల మీద జారుతుంది. ఇక ఇథనాల్: ఇథాక్సీలన్నీ చర్య జరిపితే 6.4 కిలోల సిలేన్ నుంచి 3.3 కిలోల దాకా వస్తుంది. అది సరిగా బయటికి పోకపోతే ఎక్స్‌ట్రూడర్‌లో (ట్రెడ్‌ను పట్టీలా నెట్టే యంత్రం) ట్రెడ్ బుడగలు పోస్తుంది.

ఈ తిప్పలు చూశాకే, పొత్తు కుదిర్చే పని కొంత రబ్బరుకే అప్పగిస్తే పోలా అన్న ఆలోచన బలపడింది. దానికి పునాది అప్పటికే ఉంది. బ్యూటైల్ లిథియంతో చేసే సొల్యూషన్ ఎస్‌బీఆర్‌లో గొలుసు కొస చివరి దాకా ‘బతికే’ ఉంటుంది, నీటి చుక్కో గాలో తగిలితే చచ్చిపోతుంది. 1980లలో జపాన్ కంపెనీలు ఆ కొసకు టిన్ క్లోరైడ్ తగిలించాయి. మిక్సింగ్‌లో టిన్-కార్బన్ బంధం తెగి, ఆ కొస కార్బన్ బ్లాక్‌ను పట్టుకుంటుంది. సిలికా కోసం తర్వాత ఆల్కాక్సీసిలేన్లు, అమైన్లు వచ్చాయి.

ఇక్కడ లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అణుభారం రెండు లక్షలుండి కొసకు ఒక్క గుంపే ఉంటే, వంద గ్రాముల రబ్బరులో ఆ గుంపులు సగం మిల్లీమోల్ మాత్రమే. 6.4 గ్రాముల సిలేన్ ఇచ్చే సిలైల్ గుంపులు (సిలికాను పట్టే కొసలు) దాదాపు 24 మిల్లీమోల్స్. దాదాపు యాభయ్యో వంతే ఉన్న ఈ కొసకు అంత ప్రభావమెలా వచ్చింది? గొలుసు కొసలు దేనికీ కట్టుబడక ఊగుతూ శక్తిని వేడిగా మార్చేస్తుంటాయి. వాటినే సిలికాకు కట్టేస్తే ఆ ఊగులాట ఆగుతుంది. సిలేన్ తగ్గించేయవచ్చని దీనర్థం కాదు, రెండూ కావాలి. ఆల్కాక్సీ గుంపులున్న రబ్బరుతో ఇంకో పేచీ ఉంది: ఆవిరితో ద్రావకాన్ని తీసేటప్పుడూ, గోదాములోనూ అవి తేమతో చర్య జరిపి గొలుసులను ఒకదానికొకటి కలిపేస్తాయి. తెచ్చినప్పటి మూనీ నెలల తర్వాత ఉండదు, వాడే ముందు మళ్లీ కొలవాల్సిందే.

లారీ టైరు ఇంకా పూర్తిగా ఈ దారికి రాలేదు. దాని ట్రెడ్‌లో ప్రధానం సహజ రబ్బరు. చెట్టు ఇచ్చిన గొలుసుకు బతికిన కొస ఉండదు, పైగా అందులోని ప్రొటీన్లు సిలేన్‌కు అడ్డొచ్చి సిలికాను పట్టుకుంటాయి. దానికి బదులు గొలుసు మధ్యలోనే గుంపులు పెట్టవచ్చు. రబ్బరు పాలలో ఫార్మిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి 60 డిగ్రీల దగ్గర ఉంచితే జంట బంధాలు ఎపాక్సైడ్‌లు (ఆక్సిజన్ ఉన్న మూడు పరమాణువుల వలయాలు) అవుతాయి. దీన్ని 1980లలో మలేషియా రబ్బరు పరిశోధకులు వాణిజ్య స్థాయికి తెచ్చారు. ఇలా మార్చిన సహజ రబ్బరును ఈఎన్‌ఆర్ అంటారు. ఈఎన్‌ఆర్-25, ఈఎన్‌ఆర్-50 అంటే జంట బంధాల్లో 25, 50 మోల్ శాతం ఎపాక్సైడ్‌లయ్యాయని. సిలేన్ లేకపోయినా ఇది సిలికాను పట్టుకుంటుంది. కానీ ఎపాక్సైడ్ ఒక్కో శాతానికి గ్లాస్ ట్రాన్సిషన్ (రబ్బరు గాజులా బిరుసెక్కే ఉష్ణోగ్రత) సుమారు ఒక్కో డిగ్రీ పైకి జరుగుతుంది. మామూలు సహజ రబ్బరుది -70 దగ్గర, ఈఎన్‌ఆర్-50ది -20 దగ్గర. పట్టు పెరిగినా, దొర్లేటప్పుడు వేడి కూడా పెరుగుతుంది. పైగా గంధకం ఎక్కువ వేసి క్యూర్ చేస్తే, వయసయ్యేకొద్దీ పుట్టే ఆమ్లాలు ఎపాక్సైడ్ వలయాలను తెరిచి రబ్బరును బిరుసెక్కిస్తాయి. అందుకని గంధకం తగ్గించి, కాల్షియం స్టియరేట్ లాంటి క్షారగుణమున్న పదార్థం కలపాలి.