బైహార్ట్‌లో గుండె ఎందుకుంది?

బరంపురంలో ఉన్న మా మనవలకీ, వాళ్ల క్లాసు పిల్లలకీ,

మొన్న ఆదివారం ఫోన్లో చిన్నది ఏడుపు గొంతుతో ఒక సంగతి చెప్పింది. ఇంగ్లీషు నోటుబుక్కులో "ఐ బైహార్టెడ్ ద పోయెమ్" అని రాస్తే ఎర్ర పెన్నుతో చుట్టూ సున్నా చుట్టి తప్పు పెట్టారట. "రేపటికి బైహార్ట్ చేసుకు రండి అని క్లాసులో అంటారు కదా తాతా, అంటే ఒప్పయింది రాస్తే తప్పెలా అవుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న అడిగావమ్మా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నాను.

ముందు ఆ ఎర్ర సున్నా సంగతి. మనం బస్సులో వెళ్తున్నదో, రైల్లో వెళ్తున్నదో చెప్పడానికి ఇంగ్లీషులో బై బస్, బై ట్రెయిన్ అంటాం కదా, చేత్తో చేసినదాన్ని బై హ్యాండ్ అంటాం కదా, బై హార్ట్ కూడా ఆ వరసలోదే. అది పని చెప్పే మాట కాదు, పని ఎలా జరిగిందో చెప్పే మాట. "నేను బస్సు ద్వారా ఊరికి" అంటే వాక్యం పూర్తికాదు, అందులో క్రియ లేదు. అలాగే బై హార్ట్ పక్కన లెర్న్ అనో, నో అనో ఒక క్రియ ఉండాలి. "ఐ లెర్న్‌డ్ ద పోయెమ్ బై హార్ట్" అంటే నేర్చుకుంటున్నప్పటి మాట, "ఐ నో ద పోయెమ్ బై హార్ట్" అంటే ఇప్పటికి వచ్చేసిందన్న మాట. మధ్యలో మై, ద లాంటివి రావు, పదిమంది కలిసి నేర్చుకున్నా హార్ట్స్ అవదు. ఇంగ్లండులో కొందరు "ఆఫ్ బై హార్ట్" అని కూడా అంటారు, అర్థం అదే. ఇక "బైహార్ట్ చెయ్యి" అన్నది మన దేశంలో మనం కట్టుకున్న మాట, ఇంట్లో తెలుగులో అలా అనుకుంటే తప్పేమీ లేదు, నేనూ అంటాను. పరీక్ష కాగితం మీద మాత్రం లెర్న్ పెట్టండి.

ఇంకో మాట ఉంది, దాంతో కలిపేయకండి. "డోంట్ టేక్ ఇట్ టు హార్ట్" అంటే బట్టీ పట్టకు అని కాదు, మనసులో పెట్టుకోకు, బాధపడకు అని. చిన్నదానికి ఆ ఎర్ర సున్నా గురించి నేను చెప్పాల్సింది అదే.

సరే, జ్ఞాపకానికి గుండె ఎందుకొచ్చింది? పూర్వం చాలామంది ఆలోచనకి చోటు గుండెకాయే అనుకునేవారు, గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడా అలాగే నమ్మాడు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ వాళ్ల భాషలో గుండెతో నేర్చుకోవడం అనే అంటారు. ఇంగ్లీషులో 14వ శతాబ్దపు చాసర్ కవిత్వంలోనే బై హార్ట్ ఉంది. మీరు ఫోన్లో నొక్కే రికార్డ్ ఉందే, దాని మూలం కూడా ఇదే. లాటిన్‌లో కోర్ అంటే గుండె, మళ్లీ గుండెలోకి తెచ్చుకోవడం అన్న మాట నుంచే రికార్డ్ వచ్చింది. అది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇప్పుడు మన మాటలు చూడండి. తెలుగులో చదివింది గుండెకి కాదు, గొంతుకి చేరుతుంది: కంఠస్థం, కంఠతా వచ్చు. లేదా నోటికి వచ్చు. మీ పక్క బెంచీలోని ఒడియా పిల్లలు ముఖస్థం అంటారు, అంటే వాళ్లకీ నోరే. మనం ఎక్కాలు అన్నదాన్ని వాళ్లు పణికియా అంటారు, ఆ వల్లె వెయ్యడం మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకటే రాగం. చదివింది ఒప్పగించడానికి మనం అప్పజెప్పడం అంటాం చూశారా, ఇంటి తాళాలు పక్కింటివాళ్లకి అప్పజెప్పినప్పుడూ అదే మాట. పంతులుగారు ఇచ్చిన సొమ్ము పైసా తగ్గకుండా తిరిగి ఆయన చేతిలో పెట్టడమన్నమాట. ఈ మాట అంటే నాకు చాలా ఇష్టం. అదే పని అర్థం తెలియకుండా చేస్తే ముక్కున పట్టి చదవడం అంటాం. ఇంగ్లీషులో దానికి వేరే మాట ఉంది, బై రోట్. బై హార్ట్ అంటే మెప్పు కావచ్చు, బై రోట్ అంటే ఎక్కువగా తప్పు పట్టడమే.

ఈ రెంటికీ తేడా నాకు మన సరిహద్దు ఊరు పర్లాకిమిడి సంతలో తెలిసింది. నాకప్పుడు పదకొండేళ్లు, నాన్న పక్కకెళ్తూ చీపుళ్లు కొనమని డబ్బులు నా చేతిలో పెట్టారు. కొండ దిగి వచ్చిన, శవర అనే గిరిజన తెగకి చెందిన ఒకామె కొండచీపుళ్లు అమ్ముతోంది, కట్ట ఏడణాలు, మాకు ఎనిమిది కావాలి. ఏడో ఎక్కం నాకు గడగడా వచ్చు, కానీ మొదటినుంచే వచ్చు. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు అని పెదవుల్లో మొదలుపెట్టి, ఏడార్లు నలభై రెండు దగ్గర ఎవరో భుజం తగిలితే ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చాను. ఆమె ఈలోగా ఎనిమిది కట్టలూ నేలమీద రెండేసి చొప్పున పేర్చి, ఒక్కో జత మీద వేలు ఆనిస్తూ వెళ్లి, మూడున్నర రూపాయలు అని చెప్పింది. అప్పట్లో రూపాయికి పదహారణాలు, యాభై ఆరణాలంటే అంతే కదా. బడి మొహం చూడని మనిషి. ఆమెకి లెక్క బై హార్ట్ వచ్చు, నాకు వచ్చింది పాట.

మా నాయనమ్మకి కూడా చదువు రాదు. పిండి విసురుతూ పద్యాలు పాడేది. ఆమెని ఏ పాదం దగ్గర ఆపినా అక్కణ్ణుంచే ఎత్తుకునేది, అర్థం అడిగితే తిరగలి ఆపి చెప్పేది.

మీకు ఇది కొంచెం కష్టం, అది నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఇంటి భాష ఒకటీ పుస్తకం భాష ఒకటీ అయినప్పుడు పిల్లలకి దారి కనిపించక బట్టీ పడతారు. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు చదువు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని అన్నేళ్లు పోరాడింది ఇందుకే. ఆయన శవరుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, అది 1931లో మద్రాసులో అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. మన సరిహద్దు ఊరి మనిషి అని మీరు గట్టిగా చెప్పుకోవచ్చు.

కాబట్టి ఇంగ్లీషు పద్యం ఇచ్చినప్పుడు ముందు దాన్ని తెలుగులో మీ అమ్మకి కథలా చెప్పండి. తరవాత వల్లె వెయ్యండి. వచ్చిందనుకున్నాక ఎవరినైనా మధ్యలో ఒక పాదం చెప్పమని, తరవాతి పాదం మీరు అందుకోండి. ఎక్కాలు కూడా అంతే, ఎగుడుదిగుడుగా అడిగించుకోండి.

దసరా సెలవులకి మీరు ఇక్కడికి వచ్చినప్పుడు ఏడో ఎక్కం నేనే అడుగుతాను, ఎనిమిదుల దగ్గర మొదలుపెట్టి కిందకి. అంతవరకు నాకు ఒక పని చేసి పెట్టండి. మీ ఒడియా స్నేహితుల ఇళ్లలో ముసలివాళ్లు ముఖస్థం కాకుండా ఇంకేమైనా మాట వాడతారేమో అడిగి, తెలుగులో రాసి పంపండి.

మీ తాత