కోపం, కట్టడి, కొన్ని జంతువులు

ప్రియమైన పిల్లలూ,

మీ వయసులో ఆలోచనలు వరసగా రావు. ఉన్నట్టుండి ఏడుపొస్తుంది, ఎందుకో తెలీదు. కాసేపటికి అమ్మ ఫోన్ లాక్కుందని ఒళ్లు మండుతుంది. ఆ మంట చల్లారకముందే, ఏనుగులకు కూడా బాధ ఉంటుందా అని ఓ సందేహం. నాకైతే ఈ మూడూ ఒకే చోటికి వచ్చి చేరేవిగా కనిపిస్తాయి. లోపల పొంగేదాన్ని ఎవరు ఆపాలి, ఎప్పటిదాకా ఆపాలి?

ముందు ఏనుగుల సంగతి చెబుతాను. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో ఒకప్పుడు ఏనుగులు మరీ ఎక్కువయ్యాయని పెద్దవాటిని కాల్చేసేవారు. అనాథలైన గున్నల్ని పిలానెస్‌బర్గ్ అనే మరో పార్కుకు తరలించారు. అక్కడ పెద్ద మగ ఏనుగులు లేవు. గున్నలు ఎదిగాయి. మగవాటికి రావాల్సిన వయసుకన్నా చాలా ముందే మదమెక్కింది, ఎక్కిన మదం ఎంతకీ దిగలేదు. 1992 నుంచి 1997 వరకు అవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగాల్ని చంపేశాయి. 1998లో క్రూగర్ నుంచే ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలారు. తమకన్నా బలమైనవి ఎదురుపడేసరికి కుర్ర ఏనుగుల మదం దిగసాగింది, ఖడ్గమృగాల చావులు ఆగిపోయాయి. ఆ కుర్ర ఏనుగుల్ని తలుచుకుంటే నాకు జాలేస్తుంది. తల్లుల్ని పోగొట్టుకుని, పెద్దదిక్కు లేకుండా పెరిగాయి పాపం. అన్నట్టు, చనిపోయిన ఏనుగుల ఎముకలు కనబడితే ఏనుగులు ఆగి తొండంతో వాటిని తడుముతాయి. దాన్ని ఏమనాలో మీరే ఆలోచించండి.

మనిషి మెదడులో కోపం, భయం, ఉత్సాహం పుట్టించే భాగాలు టీనేజ్‌లోనే జోరందుకుంటాయి. ‘ఆగు, ఆలోచించు’ అని చెప్పే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. చిన్న మాటకే మీకంత మంట రావడం అందుకే. ఈలోపు ఆ ‘ఆగు’ అనే మాట అమ్మానాన్నలు అంటుంటారు.

అలాగని ఎప్పటికీ వాళ్లే అంటూ కూర్చోకూడదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో మీర్‌క్యాట్‌లు అనే ముంగిస జాతి చిన్న జంతువులు తేళ్లు తింటాయి. పెద్దవి చిన్న కూనలకు చచ్చిన తేలును తెచ్చిస్తాయి. కాస్త పెరిగాక కొండి తీసేసిన తేలును ఇస్తాయి. ఇంకా ఎదిగితే బతికున్న తేలునే ముందు పెడతాయి. కూన అరుపును బట్టి దాని వయసు పోల్చుకుంటాయి. నా దృష్టిలో మంచి కట్టడి అంటే ఇదే. పదేళ్లప్పుడు పెట్టిన రూలు పదహారేళ్లకూ అలాగే ఉంటే అది పెద్దవాళ్లు ఆలోచించుకోవాల్సిన విషయం.

దాన్ని మార్చమని అడగడం మీ చేతుల్లో ఉంది. గొడవ మధ్యలో అడగకండి, ఎవరి చెవికీ ఎక్కదు. అందరూ స్థిమితంగా ఉన్నప్పుడు, ‘నేనేం చేసి చూపిస్తే మీకు నమ్మకం కుదురుతుంది?’ అని అడగండి. వాళ్లు చెప్పింది చేసి చూపించి, మళ్లీ అడగండి.

ఇంకొక్క మాట. కొట్టడం, నలుగురిలో అవమానించడం, ఇంట్లో అడుగుపెట్టాలంటేనే వణికేలా చెయ్యడం కట్టడి కిందకి రావు. అవి జరుగుతుంటే ఓర్చుకోవాల్సిన పని లేదు. మీరు నమ్మే టీచరుకో, పిన్నికో, మామయ్యకో ఈరోజే చెప్పండి. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య