కుంపటిలో పొగ పోయింది, ప్రమాదం పోలేదు

"పొగంతా పోయాకే గదిలోకి తెచ్చాం డాక్టరుగారూ!" అత్యవసర విభాగంలో ప్రతి చలికాలం నేను వినే మాట ఇది. చెప్పేవారు అజాగ్రత్తపరులేమీ కారు. బాలింతకూ పసిబిడ్డకూ వెచ్చగా ఉండాలని, బొగ్గులు వాకిట్లో రాజేసి, కణకణలాడాక లోపల పెట్టినవారే.

అపోహ: పొగ లేకపోతే విషవాయువు లేదు.

వాస్తవం: ఆ విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. బొగ్గు ఎర్రగా కాలుతున్నప్పుడే అది దండిగా పుడుతుంది, పైన నివురు కప్పాక కూడా ఆగదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు బిగించుకుని నిద్రపోయినవారికి ఏం జరుగుతోందో తెలియదు. మెలకువ వచ్చినా కాళ్లు సహకరించక గడప దాకా రాలేరు.

నేను ఎంబీబీఎస్‌లో చేరిన ఏడాది మా అక్క పురిటికి వచ్చింది. ఒక తెల్లవారుజామున ఆమెకు విపరీతమైన తలనొప్పి, వాంతులు. పక్కన పడుకున్న అమ్మకూ అంతే. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని, బిడ్డతో సహా అందరినీ వరండాలోకి రమ్మంది. మధ్యాహ్నానికి తేరుకున్నారు. దిష్టి పోయిందనే అమ్మమ్మ నమ్మింది, నేనూ కాదనలేదు. మంచం కింద కుంపటి ఉన్న సంగతి నాకు వెలిగింది కొన్నేళ్ల తర్వాత, ఇలాంటి కేసునే వార్డులో చూసినప్పుడు. ఒకే గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి, జ్వరం లేకుండా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే, బయటికి రాగానే కాస్త నెమ్మదిస్తే, ముందు అనుమానించవలసింది నిప్పునే.

గదిలో బకెట్ నీళ్లు పెడితే గ్యాసును పీల్చుకుంటుందని ఎవరు పుట్టించారో కానీ, అది పచ్చి అబద్ధం. ఈ వాయువు నీటిలో దాదాపు కరగదు. "లీకైతే వాసన వస్తుంది కదా" అంటారు గ్యాస్ గీజర్ ఉన్నవారు. ఆ వాసన సిలిండర్ గ్యాసులో కలిపినది, సరిగా మండక పుట్టే విషవాయువుకు ఉండదు. గీజర్‌ను స్నానాలగది బయట, గాలి ఆడేచోట పెట్టించండి. తుపానుకు కరెంటు పోతే జనరేటర్‌ను బాల్కనీలోనో మెట్ల కిందో నడపకండి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం అవతలి వైపుకు తిప్పి ఉంచాలి. కిటికీ ఓరగా తెరిస్తే చాలన్న ధీమా వద్దు.

కోవిడ్ నాటి ఆక్సీమీటర్ వేలికి పెట్టి "98 ఉంది" అని ఇంట్లోనే ఆగిపోకండి. ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ ఈ విషం పట్టినదానికీ తేడా ఆ పరికరానికి తెలియదు. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర చాలు. అందుకే ముందు అందరినీ బయటికి తెచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి. గర్భిణి అయితే, ఆమె తేరుకున్నట్టు కనిపించినా తీసుకురండి. కడుపులోని బిడ్డకు ముప్పు ఎక్కువ.

వచ్చాక మొదటి మాటగా కుంపటి సంగతి చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు. చెప్పకపోతే మేమూ అజీర్తి అనుకుని మాత్రలిచ్చి, మిమ్మల్ని అదే గదికి పంపేసే ప్రమాదం ఉంది.